గుర్రానికని తెచ్చిన గడ్డి

యాల్మరన్న మా ఇంటి మెట్టు మీద రెండుసార్లు కాళ్ళు కొట్టేవాడు. మొదటిసారి బూట్ల మంచు రాలడానికి, రెండోసారి తాను వచ్చినట్టు మాకు తెలియడానికి. తలుపు తట్టే అలవాటు ఆయనకు లేదు. రిస్‌నెస్‌కు , అంటే మా ఊరికి, వచ్చే ఉత్తరాలన్నీ మా వంటింటి పక్కగదిలోనే విడదీసేవాళ్ళం. ఆ పని నాది. చర్చి గంట మోగించడం మా ఆయన ఆర్విడ్ పని. మంగళవారం, శుక్రవారం యాల్మరన్న వచ్చి పోస్టు సంచి భుజాన వేసుకుని సరస్సు అవతల ఉన్న లాంగ్‌వీక్‌కు తీసుకువెళ్ళేవాడు.

ఎండాకాలం పడవ మీద వెళ్ళేవాడు. చలి ముదిరాక, గడ్డకట్టిన సరస్సు మీదుగా మంచుబండి కట్టుకుని వెళ్ళేవాడు. ఈ రెంటికీ మధ్య ఐదారు వారాలుంటాయి. ఒడ్డున నీళ్ళు గడ్డకట్టి పడవ కదలదు, ఆ గడ్డ ఇంకా పలచనగానే ఉండి బండిని మోయదు. అప్పుడు ఒడ్డు వెంబడి అడవిలో పన్నెండు కిలోమీటర్ల కాలిబాట ఒక్కటే దారి. ఆ బాటకు గుర్రం తప్ప దిక్కులేదు.

ఆ గుర్రం పేరు పెర్లా. గోధుమరంగు ఆడగుర్రం, పొట్టి కాళ్ళు, వెడల్పు వీపు, కళ్ళ మీదికి పడే జూలు. యాల్మరన్నకు పెళ్ళి కాలేదు. ఆయన చెల్లెలు తీరాకూ కాలేదు. అమ్మానాన్నలు పోయాక వాళ్ళిద్దరూ ఒక పొయ్యి, ఒక గుర్రపుసాల, ఒక ప్రార్థన పుస్తకంతో ముప్పై ఏళ్ళు గడిపారు. ఆయన మాటలు లెక్కగా వాడే మనిషి. తీరా ఆ లోటు తీర్చేది.

చలికి ఆయనను తయారుచేసి పంపడం తీరా పని. గుర్రం మీద కూర్చున్నవాడి చలి నడిచేవాడి చలిలాంటిది కాదు. నడిచేవాడి రక్తం తిరుగుతూ ఉంటుంది. గుర్రం మీదవాడి కాళ్ళు రికాబుల్లో ఊరికే వేలాడుతాయి. అందుకని తీరా ఇనప రికాబులకు గడ్డితాడు చుట్టేది. జీను బదులు రెయిన్‌డీర్ తోలు వేసి రికాబుల పట్టీని దానిమీదే బిగించేది, గుర్రం వీపు వేడి మనిషికి అందాలని. ఒంటికి ఆనుకుని పలచటి ఊలు చొక్కా, దానిమీద ముతక ఊలు, ఆపైన గొర్రెతోలు బనియను, అన్నిటికీ పైన వెనకవైపు చీలిక ఉన్న పొడుగు కోటు. చేతులకు లోపల ఊలు తొడుగులు, బయట తోలు తొడుగులు. కళ్ళెం ఇనుమును తెల్లవారుజామునే తీసి ఆయన చొక్కాలో దోపేది. చల్లటి ఇనుము పెడితే గుర్రం నాలుక అంటుకుపోతుందని ఆమె భయం.

గుర్రపుసాల తలుపు పక్కన ఒక కొక్కెం ఉండేది. దానికి ఎప్పుడూ ఒక పొడి చొక్కా వేలాడేది. లద్దె ఎత్తి, మేత వేసి, నీళ్ళు మోసేసరికి మనిషికి చెమట పడుతుంది. ఆ చెమట చొక్కాతో బయటికి వెళితే మొదటి మలుపు దాటకముందే అది వీపు మీద గడ్డకడుతుంది. సాలలో వేడిగా ఉండగానే చొక్కా మార్చుకుని బయటపడాలి. చివరగా తీరా ఒక శాలువాను ఆయన రొమ్ము మీద అడ్డంగా వేసి, రెండు కొసలూ వెనక్కి లాగి, నడుము దగ్గర ముడివేసేది. వీపు మీద ఒక్కటి చరిచేది. అదే ఆమె వెళ్ళిరమ్మనడం.

పంతొమ్మిది వందల యాభై ఆరు జూలైలో, గడ్డికోతల మధ్యలో, తీరా కళ్ళు తిరుగుతున్నాయని గడ్డివామి నీడన కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆదివారం పూడ్చాం. సోమవారం యాల్మరన్న మిగిలిన గడ్డి కోశాడు. గడ్డి ఎవరి కోసమూ ఆగదు కదా.

నవంబరు మొదటి మంగళవారం ఆయన సంచి కోసం వచ్చినప్పుడు చూశాను. శాలువా ముడి ముందు పొట్ట మీద ఉంది. రొమ్ము దగ్గర కొసలు విడిపోయి గాలి దూరేలా ఉన్నాయి.

"అన్నా, ఆ ముడి వెనక కదా ఉండాలి?" అన్నాను.

"వెనక వేయడానికి నాకు వెనక చేతుల్లేవమ్మా సిగ్నే," అన్నాడు.

"ఇటు తిరుగు."

జీను వేయించుకునే గుర్రంలా కదలకుండా నిలబడ్డాడు. ముడి వేశాను. తీరాలా వీపు చరుద్దామని చెయ్యి లేపి, మళ్ళీ దించేశాను. అది ఆమెకు చెందినది అనిపించింది. ఆ రోజు నుంచి మంగళవారం, శుక్రవారం ఆయన మా తలుపు దగ్గరికి వచ్చి, మాట లేకుండా వీపు ఇటు తిప్పేవాడు. ఆర్విడ్ కాఫీ తాగుతూ నవ్వేవాడు.

"మా ఇంట్లో నా ముడి ఎవరూ వేయరు గానీ, ఊళ్ళోవాళ్ళవి మాత్రం వేస్తారు."

"నీకు ముడి వేసి పన్నెండేళ్ళయింది ఆర్విడ్, ఇంకా విప్పుకోలేదుగా నువ్వు," అన్నాడు యాల్మరన్న. ఆ శీతాకాలంలో ఆయన ఆడిన పరాచికం నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే.

శాలువా ముడి సంగతి ఎవరైనా చూసి సాయం చేయగలిగింది. జోళ్ళగడ్డి అలాంటిది కాదు.

మా వైపు తోలుబూట్లలో మేజోళ్ళ కన్నా గడ్డినే ఎక్కువ నమ్ముతారు. నీళ్ళు నిలిచే బాడవ నేలల్లో పెరిగే ఒక సన్నటి గడ్డి అది. ఆగస్టులో, కంకి వేయకముందే కోయాలి. చెక్క మీద సుత్తితో నలగ్గొట్టి, దువ్వి, మెత్తగా అయ్యాక జడలుగా పేని అటక మీద వేలాడదీస్తారు. చలికాలం రోజూ ఒక్కో జడ విప్పి బూటు నిండా గుండ్రంగా పరిచి, అందులో కాలు పెడతారు. సాయంత్రం తీసి, విదిలించి, పొయ్యి పక్కన ఆరబెడతారు. ఆ గడ్డి చెమట పీలుస్తుంది గానీ ముద్దకట్టదు. అది కోసేది ఆడవాళ్ళే. ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే, తల్లి కూతురికి చూపిస్తుంది తప్ప మగవాళ్ళకు తెలియదు.

దానికి ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఆడది ఆ గడ్డిని తన ఇంటి మగవాళ్ళకే ఇవ్వాలి. తండ్రికి, అన్నకు, మొగుడికి, కొడుక్కి. పరాయివాడికి ఒక్క జడ ఇచ్చినా ఊరంతా ఆదివారం చర్చిలో పాదిరిగారి నోటివంక చూస్తారు, పెళ్ళి ప్రకటన ఎప్పుడు చదువుతారా అని. నా పెళ్ళి సంగతి ఊరికి అలాగే తెలిసింది. ఆర్విడ్ బూటులోంచి బయటికి వచ్చిన పోచను చూసి, అది మా అమ్మ నలగ్గొట్టే తీరు అని పోల్చారు.

ఆ ఆగస్టులో తీరా లేదు. ఆమె చోటు ఎక్కడో యాల్మరన్నకు తెలియదు. గడ్డి సంగతి అడిగితే, "తీరా కిందటేడుది మిగిల్చి వెళ్ళింది, చాలు," అనేవాడు. నమ్మాం. ఆమె అలా మిగిల్చే మనిషే.

నిజానికి ఆయన పెర్లా మేతలోంచి టిమోతీ గడ్డి పిడికెడు తీసి బూట్లలో కుక్కుకునేవాడు. దాని కాడలు బిరుసు. తడి తగిలితే ముద్దవుతుంది. గుర్రం కడుపుకు మంచిదే గానీ మనిషి కాలికి ఎందుకూ పనికిరాదు. అది మాకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, సరస్సు అవతల.

లాంగ్‌వీక్‌లో మొదటి ఇల్లు ఎడ్లక్కది. ఆమె మొగుడు దుంగలు నదిలో నడిపే పనిలో మునిగిపోయి అప్పటికి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. యాల్మరన్న సంచి ఇచ్చేచోటు అదే. ఆయన కంచె బయట గుర్రం దిగేవాడు. ఎడ్లక్క ఒక చేత్తో పెర్లాకు గోరువెచ్చటి నీళ్ళ బాల్చీ, ఇంకో చేత్తో ఆయనకు కాఫీ గిన్నె తెచ్చేది. గిన్నెలో జున్నుముక్కలు వేసి ఉండేవి. ఆయన కంచె బయటే నిలబడి తాగి, అడుగున మెత్తబడిన జున్ను చెంచాతో తిని, "దేవుడు నీకు మేలు చేయాలి," అని గిన్నె తిరిగి ఇచ్చేవాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. వస్తానని ఆయన అనలేదు. ఒంటరి ఆడది, ఒంటరి మగవాడు, ఏడు ఇళ్ళ ఊరు. ఏడు కిటికీలూ అటే చూస్తుంటాయి.

డిసెంబరు నడుమ వచ్చే లూసియా పండుగకు ముందు శుక్రవారం చలి ఒక్కసారిగా విరుచుకుపడింది. పొద్దున ఆయనకు ముడి వేసేటప్పుడే నా వేళ్ళు కొంకర్లు పోయాయి. పెర్లా మీసాల మీద మంచు ముత్యాల్లా పేరుకుంది. పొద్దు మూడింటికే వాలిపోయింది. కిటికీలో దీపం పెట్టి ఎదురుచూశాను.

ఆయన వచ్చాడు. మెట్టు మీద ఒక్క చప్పుడే వినిపించింది.

ఆర్విడ్ కాఫీ గిన్నె పెట్టేసి నా వంక చూశాడు. ఇద్దరం ఒకేసారి లేచాం. యాల్మరన్న తలుపు కమ్మీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఎడమకాలు ఎత్తి పట్టుకున్నాడు, అది తనది కానట్టు.

"సెలయేటి దగ్గర దిగి పెర్లాను నడిపిస్తుంటే గడ్డ విరిగింది," అన్నాడు. "చీలమండ దాకా దిగింది. పెర్లా మాత్రం తడవలేదు."

కుర్చీలో కూర్చోబెట్టి ఆర్విడ్ బూటు లాగాడు. రాలేదు. కత్తితో తోలు కోశాడు. లోపల గడ్డి రాయిలా గడ్డకట్టి ఉంది. ఆర్విడ్ దాన్ని పొయ్యి వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాల్మర్, దీనికి కంకులున్నాయి. ఇది పెర్లా మేత కదయ్యా!"

ఆయన తల దించుకున్నాడు. బడిలో తప్పు దొరికిన పిల్లవాడిలా ఉన్నాడు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

ఆర్విడ్ నేలమీద కూర్చుని, చొక్కా పైకెత్తి, ఆ తెల్లబడిపోయిన పాదాన్ని తన పొట్టకు ఆనించి, చొక్కా దించి చేతులతో కప్పాడు. చలికి ఒక్కసారి వణికాడు.

"నీ పొట్టమీద నా కాలేంటి ఆర్విడ్, సిగ్గుగా ఉంది," అన్నాడు యాల్మరన్న.

"నీ కాలికి సిగ్గు లేదులే, చల్లగా ఉంది, అంతే. కాఫీ తాగు."

గంట సేపు అలాగే కూర్చున్నారు. నొప్పి మొదలయ్యాక ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. నొప్పి రావడం మంచి గుర్తని మాకు తెలుసు, అందుకని సంతోషించాం. నేను వెళ్ళి పెర్లాను సాలలో కట్టి, తుడిచి, మేత వేశాను. తలుపు పక్కన కొక్కెం ఖాళీగా ఉంది.

మర్నాడు నర్సమ్మ వచ్చి చూసింది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. "ఈ కాలు ఇంకొక్కసారి గడ్డకడితే వేళ్ళతో పోదు, పాదమే తీసేయాలి," అంది. "వెచ్చగా ఉంచుకో, లేకపోతే గుర్రం మానెయ్యి. రెండింటిలో ఏదో ఒకటి."

ఆర్విడ్ తన జడలు కొన్ని తీసుకుని వెళ్ళాడు. యాల్మరన్న ముట్టుకోలేదు. "సిగ్నే నీకని కోసింది. నాకిచ్చేస్తే ఫిబ్రవరిలో నీ కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటావు? ఈ ఏడు వానలకి మీకే తక్కువ వచ్చిందని నాకు తెలుసు." ఆ మాట నిజమే. పైగా, చెల్లెలు పోయిన ఐదు నెలలకే గడ్డికోసం ఇల్లిల్లూ తిరిగాడని అనిపించుకోవడం ఆయనకు కాలు పోవడం కన్నా కష్టం.

పోస్టు సంచి ఆర్విడ్ నడిచి మోశాడు. రెండు వారాలు కుంటుతూనే యాల్మరన్న సాల పని మాత్రం ఎవరినీ చేయనివ్వలేదు. ఒక సాయంత్రం పాలు ఇద్దామని వెళితే, ఆయన మేత గాడి అంచున కూర్చుని, కట్టుకట్టిన కాలును పెర్లా పొట్టకింద గడ్డిలో పెట్టుకుని ఉన్నాడు. గుర్రం కదలకుండా నిలబడింది. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. పాల గిన్నె గడప మీద పెట్టి వచ్చేశాను.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు వాల్‌ఫ్రిడ్ వచ్చాడు. గుర్రాల బేరగాడు. నోరు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు. అడవి పనికి ట్రాక్టర్లు వచ్చాక అతని లారీ ఎక్కిన ముసలి గుర్రం మళ్ళీ ఏ సాలలోనూ కనబడలేదు. ఆ లారీ ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు.

"ఏం యాల్మర్, గుర్రం మేత నువ్వు తొక్కేసుకుంటున్నావట! పాపం దానికేం మిగులుతుంది?" అన్నాడు మా వంటింట్లోనే కూర్చుని.

యాల్మరన్న సాసరులో పోసుకున్న కాఫీ ఊదుకుంటూ పూర్తిగా తాగాడు. "తీసుకుపో," అన్నాడు చివరికి. "కానీ స్తెఫను పండుగ వెళ్ళాక. ఒక్కసారి ఊట దగ్గరికి తీసుకెళ్ళనీ."

"సరే, మరునాడే వస్తా. మనసు మార్చుకోవుగా?"

"కాలు మారదుగా," అన్నాడు యాల్మరన్న.

ఆయన వెళ్ళాక ఆ సాసరు కడుగుతూ ప్రార్థించాను. గుర్రం కోసం ప్రార్థించవచ్చో లేదో పాదిరిగారిని అడగలేదు. పశువుల పాకలో పుట్టిన ప్రభువుకు ఆ సంగతి కొత్త కాదనుకున్నాను.

క్రిస్మస్ ఆరాధనకు దూరపు ఊళ్ళవాళ్ళు వచ్చి చర్చి వెనక చిన్న చిన్న చెక్క గదుల్లో రెండు మూడు రోజులుంటారు. ఎడ్లక్క స్కీల మీద ఒక్కతే వచ్చింది. పండుగనాటి మధ్యాహ్నం ఆమె గదికి రొట్టెలు తీసుకువెళ్ళాను. పొయ్యి ముందు కూర్చుని కాఫీలోకి జున్ను కోస్తోంది.

"యాల్మరన్న పెర్లాను వాల్‌ఫ్రిడ్‌కి ఇచ్చేస్తున్నాడక్కా," అన్నాను.

కత్తి ఆగింది. "కాలేనా?"

"కాలే."

"టిమోతీ కుక్కుకున్నాడు. పోచలు బయటికి కనబడేవి. మొదటి రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"కంచె ఇవతల నుంచి ఏమని చెప్పను సిగ్నే? నీ బూట్లలో ఏముందో నేను చూస్తున్నానని చెప్పనా?"

కాసేపు జున్ను కోసింది. తర్వాత పొయ్యితో చెబుతున్నట్టు చెప్పింది. "తీరాదీ నాదీ ఒకే బాడవ. మధ్యలో ఒక రాయి. ఇటు ఆమెది, అటు నాది. ఇరవై ఏళ్ళు ఒకే రోజు కోశాం. పెద్దగా మాట్లాడుకునేది లేదు. మధ్యాహ్నం ఆ రాయి మీద కూర్చుని రొట్టె తినేవాళ్ళం, అంతే. ఈ ఆగస్టులో నా వైపు కోశాక, ఆమె వైపు అలా నిలబడి ఉంటే చూడలేకపోయాను. అదీ కోసేశాను. నలగ్గొట్టాను. పేనాను."

"ఎక్కడుందక్కా?"

గోడకు ఆనించిన మూట వైపు గడ్డం చూపించింది. "మోసుకొచ్చాను. ఎందుకు తెచ్చానో అడగకు. ఇవ్వడానికి దారి లేదు." కాఫీలో జున్ను వేసి కలిపింది. కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపింది. "రేపు ఊట దగ్గరికి గుర్రాలు ఎప్పుడొస్తాయి?"

క్రిస్మస్ మర్నాడు స్తెఫను పండుగ. ఆ రోజు తెల్లవారకముందే మగవాళ్ళు గుర్రాలెక్కి చర్చి కింద ఉత్తరంగా పారే ఊట దగ్గరికి వస్తారు. ఏ చలికీ గడ్డకట్టని నీళ్ళవి. అవి తాగిన గుర్రానికి ఏడాదంతా జబ్బు రాదంటారు. అక్కడ ఊరి ఆడవాళ్ళు తమ తమ ఇళ్ళ నుంచి గడ్డి పట్టుకుని నిలబడతారు. ఆ పొద్దున ఏ ఇంటి ఆడదైనా ఏ ఇంటి గుర్రానికైనా మేత పెట్టవచ్చు. నా చిన్నప్పుడు ముప్పై గుర్రాలు వచ్చేవి. ఆ ఏడు నాలుగే వచ్చాయి.

యాల్మరన్న చివరన వచ్చాడు. పొద్దున్నే వెళ్ళి ఆయన శాలువా ముడి నేనే వేశాను. ఎడమకాలికి పాతగుడ్డలు చుట్టి పైన గోనె కట్టుకున్నాడు. ఊట దగ్గర దిగి, చొక్కాలోంచి కళ్ళెం ఇనుము బయటికి తీసినట్టే ఆ రోజు ఒక చక్కెరముక్క తీశాడు. పెర్లా నీళ్ళు తాగుతుంటే దాని మెడమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లాంతరు వెలుగులో ఆయన పెదవులు కదలడం చూశాను. ప్రార్థనో, వీడ్కోలో.

వాల్‌ఫ్రిడ్ కూడా వచ్చాడు, సంబరం చూడ్డానికి.

అప్పుడు ఎడ్లక్క ముందుకు వచ్చింది. శాలువా చాటున దాచుకున్న మూట తీసి విప్పింది. సన్నగా, మెత్తగా, ఒకే తీరున పేనిన జడలు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. గుర్రానికి పెట్టే గడ్డిని ఎవరూ పేనరు.

"ఎడ్లక్కా," అన్నాడు వాల్‌ఫ్రిడ్, "మీ ఊళ్ళో గుర్రాలకి జడలేసి మరీ పెడతారా మేత?"

"అవును, అలాగే పెడతాం."

"మీ ఊళ్ళో అసలు గుర్రమే లేదుగా!"

"అందుకేగా ఇంత దూరం మోసుకొచ్చింది," అంది ఎడ్లక్క. "పండుగ పూట దారికి అడ్డు రాకు, వాల్‌ఫ్రిడ్."

ఎవరో నవ్వారు. ఎడ్లక్క యాల్మరన్న వంక చూడలేదు. పెర్లా ముందు నిలబడి దానితోనే మాట్లాడింది.

"ఇది నీకే పెర్లా. తినకు, ఆగు." గుర్రం ఒక జడ కొస పట్టుకుంటే లాగేసుకుంది. "సరిగ్గా విను. జడ విప్పి బాగా విదల్చాలి. మొదట మడమ దగ్గర గుండ్రంగా పరచాలి, పిచ్చుక గూడులాగా. తర్వాత వేళ్ళ చుట్టూ. బిగించి కుక్కకూడదు. వదులుగా ఉంటేనే వెచ్చగా ఉంటుంది. సాయంత్రం తీసి ఆరబెట్టాలి, పొయ్యికి మరీ దగ్గరగా కాదు. వేసవి దాకా సరిపోతుంది. ఇది తీరా వైపు గడ్డి."

ఆ చివరి మాటకు యాల్మరన్న టోపీ తీసేశాడు. అంత చలిలో బోడితలతో నిలబడ్డాడు. ఆయన కూడా గుర్రంతోనే అన్నాడు.

"చెప్పు పెర్లా. అన్నీ అర్థమయ్యాయని చెప్పు. దేవుడు ఆమెకు మేలు చేయాలని చెప్పు."

పెర్లా తల విదిలించింది. ఎడ్లక్క మూటను దాని మెడకు కట్టి, ముడి సరిచూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏమీ లేదు కదా. ఒక ఆడది ఒక గుర్రానికి గడ్డి పెట్టింది, అంతే.

మర్నాడు వాల్‌ఫ్రిడ్ లారీ వచ్చింది. నేను పాల గిన్నె తిరిగి తెచ్చుకోవాలని యాల్మరన్న వాకిట్లోనే ఉన్నాను. ఆయన సాలలోంచి బయటికి వచ్చి గడప మీద కాళ్ళు కొట్టాడు. ఒకటి. రెండు.

"పగ్గం ఏదీ?" అన్నాడు వాల్‌ఫ్రిడ్.

"నా కాళ్ళు వెచ్చగా ఉన్నాయి," అన్నాడు యాల్మరన్న.

"ఏంటీ?"

"వెచ్చగా ఉన్నాయంటున్నా. లోపలికి రా, కాఫీ తాగి పో. బండిని మాత్రం అక్కడే ఉండనీ."

వాల్‌ఫ్రిడ్ ఆయన బూట్ల వంక చూశాడు. ఎడమ బూటు కోతను దారంతో కుట్టుకున్నాడు. అంచున సన్నటి మెత్తటి పోచ ఒకటి కనబడుతోంది. ఏదో అనబోయి, గొణిగి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ సంగతి ఎక్కడా ఎగతాళిగా చెప్పలేదు. అతని గురించి ఈ మాట రాయకపోతే తప్పవుతుంది.

పెర్లా ఇంకా తొమ్మిది శీతాకాలాలు బతికింది. యాల్మరన్న మామూలుగానే రెండుసార్లు కాళ్ళు కొట్టి, ముడికోసం వీపు తిప్పి, సంచి తీసుకుని వెళ్ళేవాడు. సాల తలుపు కొక్కేనికి ఆయనే పొడి చొక్కా తగిలించడం నేర్చుకున్నాడు. ప్రతి ఆగస్టు చివర ఎడ్లక్క పడవ మీద వచ్చి గుర్రపుసాలలో ఒక మూట పెట్టి, "గుర్రానికి," అని చెప్పి వెళ్ళేది. ఆయన చేపలు పట్టినప్పుడు రెండు ఆమె కంచె మీద తగిలించేవాడు, "పిల్లికి," అని. ఎడ్లక్కకు పిల్లి లేదు. వాళ్ళిద్దరూ ఒక గదిలో కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. ఎందుకు కూర్చోలేదని ఊళ్ళోవాళ్ళు అడుగుతారు. నాకు తెలియదు. కొందరికి ఒంటరితనం ఒక కోటులాంటిది. బరువని తెలుసు, అయినా చలికి విప్పలేరు.

తర్వాత రోడ్డు వేశారు, పోస్టు బస్సులో వెళ్ళసాగింది. ఒక ఏప్రిల్‌లో పెర్లా సాలలోనే పడుకుని లేవలేదు. ఆ ఆగస్టులో ఎడ్లక్క వస్తుందా రాదా అని నేనే ఆత్రంగా చూశాను. వచ్చింది. ఖాళీ సాలలోకి వెళ్ళి, ఖాళీ గాడిలో మూట పెట్టి, బయటికి వచ్చింది. వాకిట్లో యాల్మరన్న నిలబడి ఉన్నాడు. ఆమె నోరు తెరిచి, "గుర్రా..." అని ఆగిపోయింది. ఆయన తల ఊపాడు. ఆమె పడవ వైపు నడిచింది.

ఆయన రెండేళ్ళ తర్వాత జనవరిలో పోయాడు. పొయ్యి పక్కనే, కుర్చీలో. ఆరబెట్టిన గడ్డి ఇంకా కమ్మీ మీద ఉంది. బంధువులెవరూ లేరు కాబట్టి స్నానం చేయించి బట్టలు తొడిగే పని నేను, ఆర్విడ్, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి చేశాం. ఎడ్లక్క బస్సులో వచ్చింది. ఆ ఇంటి గడప ఆమె దాటడం అదే మొదటిసారి. వంటింట్లో చుట్టూ ఒకసారి చూసింది. తీరా కుర్చీ, ప్రార్థన పుస్తకం, రెండు గిన్నెలు.

తర్వాత సంచిలోంచి రెండు జడలు తీసి, మంచం చివర మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన బూట్లు ఒళ్ళో పెట్టుకుని, జడ విప్పి, బాగా విదిల్చి, మడమ దగ్గర పిచ్చుక గూడులా గుండ్రంగా పరిచింది. అందరం చూస్తున్నాం. పాదిరిగారు కూడా అక్కడే ఉన్నారు. ఎవరూ గొంతు సవరించుకోలేదు.

"కాలు కొంచెం ఇటు, యాల్మర్," అంది.

ఆమె ఆయనను పేరుపెట్టి పిలవగా వినడం నాకు అదే మొదలు. ఆ రోజు గుర్రం మాట ఎత్తలేదు.

ఆమె బూట్లు తొడిగాక నేను శాలువా తెచ్చాను. ఆర్విడ్ ఆయన భుజాలు పట్టి లేపాడు. రొమ్ము మీద అడ్డంగా వేసి, కొసలు రెండూ వెనక్కి లాగి, నడుము దగ్గర ముడి వేశాను. చెయ్యి లేపి, ఈసారి దించుకోలేదు. వీపు మీద మెల్లగా ఒక్కటి చరిచాను.